మంచం కాళ్ళవైపు నిలబడి

ఫలితాలొచ్చిన రోజున ఆ నర్సింగ్ కాలేజీ మెస్సులో పూరీలు మిగిలిపోవడం మామూలు. తప్పినవాళ్ళకి గొంతు దిగవు. పాసైనవాళ్ళకి పక్కవాళ్ళ మొహాలు చూస్తూ తినబుద్ధి కాదు. అందుకని వంటవాళ్ళు ఆ రోజుకి పిండి తక్కువే తడిపేవారు. ఆ ఏడాది మాత్రం పూరీలు చాలక మళ్ళీ పిండి కలపాల్సి వచ్చింది.

వైస్ ప్రిన్సిపాల్ సలోమి గుమ్మంలో నిలబడి ఆ సంబడం చూస్తోంది. ఎనాటమీ మళ్ళీ తప్పిన సత్యవేణి పళ్ళెం పట్టుకుని వెళ్ళి కూర ఇంకాస్త వేయించుకుంది.

"రిజల్ట్ చూసుకున్నావా వేణీ?" అని అడిగింది సలోమి.

"చూసుకున్నాను మేడమ్. పోయింది. కండరాలూ నరాలూ కలిపి చదివేసి గందరగోళం చేసుకున్నాను. ఈసారి విడివిడిగా చదువుతాను," అంది వేణి నవ్వు మొహంతోనే. "మీరు తిన్నారా మేడమ్? కూర బావుంది."

క్రితం ఏడాది ఇదే పిల్ల ఇదే పరీక్ష తప్పి, బాత్రూములో గడియ వేసుకుని వాంతులు చేసుకుంది. సలోమి తలుపు బయట నేలమీద కూర్చుని పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా బతిమాలితే గాని గడియ తీయలేదు. ఇప్పుడు కూర బావుందంటోంది. సలోమికి కళ్ళు చెమర్చాల్సిన ఘట్టమే అది. చెమర్చలేదు. వేణికి ఉన్నట్టే ఆవిడకీ ఎడమ చెవి వెనక బిళ్ళ ఉంది.

బిళ్ళ అన్నది పిల్లలు పెట్టుకున్న పేరు. దాని అసలు పేరు 'స్థిర'. చొక్కా బొత్తామంత ఉంటుంది, ఒంటి రంగులో కలిసిపోతుంది. గుండెలో దడ మొదలయ్యీ కాకముందే పసిగట్టి, చెవి దగ్గర్నించి గుండెకీ కడుపుకీ పోయే నరాన్ని సన్నగా మీటుతుంది. దడ అక్కడికక్కడే సద్దుమణిగిపోతుంది. జరిగింది ఏమిటో మనిషికి తెలుస్తుంది, ఒళ్ళు మాత్రం ఉలిక్కిపడదు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ మాళవిక కాలేజీకి మొదటిసారి వచ్చిన రోజున పిల్లలెవ్వరూ ముందుకు రాలేదు. చెవి మొద్దుబారిపోతుందట, పిచ్చెక్కుతుందట అని గుసగుసలు. సలోమి లేచి వెళ్ళి తన చెవి చూపించింది. మాళవిక బిళ్ళ అంటించి, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, ఉన్నట్టుండి సలోమి వీపు వెనక స్టీలు ట్రేల దొంతర నేలమీదికి తోసేసింది. హాలంతా కెవ్వుమంది. సలోమి నింపాదిగా వెనక్కి తిరిగి, "అవి మళ్ళీ కడిగి పెట్టాలి, ఎవరు కడుగుతారు?" అంది. పిల్లలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. సాయంత్రానికల్లా అందరి చెవుల వెనకా బిళ్ళలే.

సలోమి లేవడానికి కారణం ఉంది. ఆ కారణం పేరు రూతు. చాలా ఏళ్ళ కిందట ఫైనలియర్ తప్పి, ఆ వారంలోనే హాస్టల్లో ప్రాణం తీసుకున్న పిల్ల. ఫలితాలు వచ్చిన రోజున రూతు వచ్చి, "మేడమ్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అని అడిగితే, ఇన్‌స్పెక్షన్ హడావుడిలో ఉన్న సలోమి "రేపు రామ్మా" అంది. ఆ తర్వాత ప్రార్థనలో మోకరించినా, కూరగాయలు తరుగుతున్నా, ఆ "ఒక్క నిమిషం" ఆవిడ చెవిలో వినిపిస్తూనే ఉండేది. ట్రేల ఆట అయిపోగానే బిళ్ళ తీసెయ్యొచ్చు. తీయలేదు. దాన్ని పెట్టుకున్నాక రూతు గుర్తొస్తుంది, అంతే. నొప్పి లేదు. ఒక మనిషికి ఆపాటి విశ్రాంతి దొరికితే కాదనుకోవడం కష్టమే మరి.

మాళవిక చెడ్డమనిషి కాదు. ఆవిడ తమ్ముడు మెడిసిన్ రెండో ఏడాదిలో చదువు మానేసి ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. "వాడికి తెలివి తక్కువై కాదు సలోమిగారూ, దెబ్బ తట్టుకోలేకపోయాడు. తట్టుకోవడం నేర్పే క్లాసు మనకెక్కడుంది?" అనేది. అందుకే బిళ్ళతో పాటు ఒక కోర్సు కూడా పెట్టింది. ఎదుటివాళ్ళ మనసెలా కనిపెట్టాలి, ఏ బాధకి ఏ మాట చెప్పాలి, గొంతు ఎంత తగ్గించాలి, చెయ్యి ఎక్కడ వేయాలి, అన్నీ నేర్పింది. చివర్లో పరీక్ష. భావోద్వేగ తెలివి అని దానికో మార్కు, మనోస్థైర్యం అని ఇంకో మార్కు. రెండింట్లోనూ ఆ కాలేజీ పిల్లలు దుమ్ము రేపేశారు. సత్యవేణి అయితే మరీను. చూడటానికొచ్చిన పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు.

ఆ కాలేజీలో అంతకుముందు నుంచీ ఇంకో చదువు కూడా ఉండేది. దానికి మార్కుల్లేవు. వార్డులోకి రాగానే పిల్లలు చార్టు ముట్టుకోకూడదు. ముందు మంచం కాళ్ళవైపు నిలబడి, ఊరికే రోగిని చూడాలి.

"నీ కడుపేమంటోందో ముందు చెప్పు, కాగితం తర్వాత," అనేది సలోమి.

కొత్త పిల్లలు కిసుక్కుమనేవారు. కానీ సలోమికి ఆ కడుపే అన్నం పెట్టింది. ఒకసారి మంచం మీద కూర్చుని పకపకా నవ్వుతూ కబుర్లు చెబుతున్న ఒక ముసలాయన్ని చూసి ఆవిడకి లోపల దేవినట్టయింది. కారణం చెప్పలేకపోయింది, అంకెలన్నీ బాగానే ఉన్నాయి. అయినా డాక్టర్ని లాక్కొచ్చి చివాట్లు తింది. చివాట్లు పూర్తికాకముందే ముసలాయన ఒరిగిపోయాడు. డాక్టరు పక్కనే ఉండబట్టి బతికాడు.

బిళ్ళలు వచ్చాక కూడా పిల్లలు మంచం కాళ్ళవైపు నిలబడుతూనే ఉన్నారు. "ఏమనిపిస్తోంది?" అంటే, "ఏమీ అనిపించట్లేదు మేడమ్" అనేవారు. చేతులు వణకడం లేదు, రక్తం చూసి కళ్ళు తిరగడం లేదు. పిల్లలు గట్టిపడ్డారనుకుంది సలోమి. తన కడుపు కూడా నోరు మూసుకుని చాలా కాలమైందన్న సంగతి ఆవిడకి తట్టలేదు. తట్టాలంటే అదే కడుపు చెప్పాలి కదా.

*

సత్యవేణి అక్క దుర్గ పురిటికి ఆ ఆసుపత్రికే వచ్చింది. చెల్లెలు చదివే చోటు, పైగా వేణికి ఆ నెల బాలింతల వార్డులోనే డ్యూటీ. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పు. తల్లి నూకరత్నం మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "మా సిన్నదే అండి దగ్గరుండి అన్నీ సూసుకుంటంది" అని చెప్పుకుని మురిసిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి దుర్గ అటూ ఇటూ మసలడం మొదలుపెట్టింది.

"వేణీ, నాకేదో అయిపోతందే. కిందంతా బరువుగా ఉంది. నాకు బయమేత్తందే."

వేణి వెంటనే వచ్చింది. రక్తపోటు చూసింది, బావుంది. నాడి చూసింది, కాస్త ఎక్కువ, కానీ హద్దులోనే ఉంది. రక్తస్రావం ఏమైనా ఉందేమోనని చూసింది, గుడ్డ శుభ్రంగా ఉంది. అన్నీ రాసింది. అప్పుడు గొంతు తగ్గించి, అక్క భుజం మీద చెయ్యి వేసి, నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే చెప్పింది.

"నీకిలా అనిపించడం సహజమే అక్కా. నేనిక్కడే ఉన్నాను."

"నువ్వు ఉన్నావు గానే... నా మొకం సూడవే ఒకసారి."

వేణి చూసింది. అక్క మొహం పాలిపోయి ఉంది, కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. 'ఆందోళనగా ఉంది' అని కూడా రాసింది.

సలోమి రౌండ్సుకి అప్పుడే వచ్చింది. అలవాటు చొప్పున మంచం కాళ్ళవైపు నిలబడింది. దుర్గ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆ చూపు ఎటువంటిదో ఆ వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది.

"మేడంగారండీ, నన్నొదిలేసి ఎల్లిపోకండి," అంది దుర్గ.

సలోమి చార్టు తీసి చదివింది. "కాన్పు అలసటమ్మా, అంతే. వేణీ, మజ్జిగ తాగించు," అని చెప్పి, దుర్గ పాదం తట్టి, పక్క మంచానికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఏమీ అనిపించలేదు.

టీల వేళకి దుర్గ నిద్రపోయిందనుకున్నారు. రక్తం బయటికి రాకుండా లోపల్లోపలే గూడుకట్టింది. థియేటర్‌కి పరుగులు పెట్టారు, రక్తం ఎక్కించారు, డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. బయటికి వచ్చిన పెద్దడాక్టరు మాస్కు తీస్తూ, "ఇంకాస్త ముందు పిలిచుంటే దక్కేది. ఎవరికీ అనుమానం రాలేదా?" అన్నాడు.

నూకరత్నం గోడకి తల కొట్టుకుంటోంది.

అక్క ఒళ్ళు తుడిచి, చేతులు సర్ది, గడ్డం కింద కట్టు కట్టింది సత్యవేణే. ఇంకొకరు చేస్తామంటే, "నా డ్యూటీ టైమేగా, పర్లేదు," అంది. చాలా శుభ్రంగా చేసింది. చిన్నకర్మ రోజున ఆమెకి ఎనాటమీ పరీక్ష పడింది. ఇంట్లో అందరూ వద్దన్నా వచ్చి రాసింది. కండరాలు, నరాలు విడివిడిగా చదువుకుందేమో, ఈసారి పాసైంది.

*

విచారణ అన్నారు. ప్రిన్సిపాల్ గదిలో మాళవికతో సహా నలుగురు కూర్చున్నారు. కాగితాలన్నీ తిరగేశారు. చెయ్యాల్సిన వేళకి అన్నీ చేశారు, అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి, రోగితో మాట్లాడిన తీరు ఆదర్శంగా ఉంది, ఎవరిదీ తప్పు లేదు అని తేల్చారు. ఆ గదిలో చెవి వెనక బిళ్ళ లేని మనిషి నూకరత్నం ఒక్కతే. ఆవిడ ఒక్కతే ఏడ్చింది. మిగతావాళ్ళు ఆవిడ ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్నారు.

ఆవిడ వెళ్ళాక సలోమి అంది, "ఆ అమ్మాయి నా కళ్ళలోకి చూసింది డాక్టరుగారూ. నాకేమీ అనిపించలేదు. బిళ్ళ లేకపోయుంటే అనిపించేది."

మాళవిక ల్యాప్‌టాప్ తెరిచింది. "అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా. అనిపించడాన్ని నేను లెక్కలోకి ఎలా తీసుకోను సలోమిగారూ? మీరు చెప్పేది రుజువు కాదు. ఇది చూడండి." ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. తెరమీద బిళ్ళ నమోదు చేసిన గుండె గీత, చివరిదాకా సాఫీగా పోతోంది. "సత్యవేణిది. అక్క పోయిన రోజు, పరీక్ష రోజు, రెండూ ఇందులోనే ఉన్నాయి. ఎక్కడో చెప్పగలరా మీరు? ఇంత స్థైర్యం నేనెక్కడా చూళ్ళేదు."

ఆ మాట ఆవిడ గర్వంగా అనలేదు. దుఃఖంతోనూ అనలేదు. ఆవిడకీ ఎడమ చెవి వెనక ఉంది.

ఆ గీత, దాని పక్కన సత్యవేణి నవ్వుతున్న ఫొటో, మర్నెల్లో బిళ్ళ ప్రచారానికి వేసిన రంగుల పుస్తకంలో మొదటి పేజీకి ఎక్కాయి. మిగతా కాలేజీల వాళ్ళు బిళ్ళల కోసం వరస కట్టారు.

విచారణ అయిన రోజే సలోమి ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి, తన బిళ్ళ పీకి సబ్బుడబ్బాలో పడేసింది. ఏమీ కాలేదు. టీ పెట్టుకుంది, తాగింది. మర్నాడూ ఏమీ కాలేదు. మరి కొన్నాళ్ళకి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మడత పెడుతోంది. దుర్గ చూపు వచ్చి ఎదురుగా నిలబడింది.

కడుపులో దేవింది. ఆ రోజు మంచం కాళ్ళవైపు నిలబడ్డప్పుడు రావాల్సింది అప్పుడొచ్చింది. చీర అక్కడే పడేసి పెరట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కింది. బావి గట్టు మీద కూర్చుని, ఆ పిల్ల చచ్చిపోతోందని తనకి ఆ రోజే తెలుసునని గ్రహించింది. ఒంటికి తెలుసు. ఒంటి నోరు మూసేసింది తనే. రూతుకి ఒక్క నిమిషం ఇవ్వలేదు. ఆ నొప్పి పడలేక బిళ్ళ పెట్టుకుని దుర్గని వదిలేసింది. ఇద్దరి ఉసురూ తీసింది తనే. చాలాసేపు, గొంతు పోయేలా ఏడ్చింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసినా ఆపుకోలేదు.

మర్నాడు క్లాసులో బిళ్ళలు తీసెయ్యమని చెప్పింది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"పరీక్షలున్నాయి కదా మేడమ్," అంది ఒకమ్మాయి మర్యాదగా. "మీరు బాగా అలిసిపోయినట్టున్నారు మేడమ్," అంది ఇంకో అమ్మాయి, ఇంకా మర్యాదగా.

ప్రిన్సిపాల్ ఆవిణ్ణి పిలిచి సెలవు పెట్టుకోమన్నాడు.

*

ఆ సెలవుల్లోనే నూకరత్నం సలోమి ఇంటికి వచ్చింది. చంకలో దుర్గ కూతురు. వెనకాల సత్యవేణి, సంచీ మోస్తూ.

"కేసులూ గీసులూ అనుకోకండి, దానిక్కాదు వచ్చింది," అంటూ నూకరత్నం గుమ్మంలోనే కూలబడింది. "దీన్ని మీకాడికి తెచ్చానండి. పెద్దది ఎల్లిపోయింది, నా రాత. ఇదేంటండీ ఇలా ఉంది? అక్క పోతే ఓ సుక్క కన్నీరు రాలేదండి దీనికి. పెద్దకర్మ నాడు సుట్టాలంతా ఏడుత్తంటే వడ్డన సేసిందండి. పసిదానికి పాలు పడతాది, గుడ్డలు మారుత్తాది, నా బీపీ సూత్తాది. అన్నీ సేత్తాదండి. దీన్ని సూత్తే నాకే బయమేత్తంది. మీరే కదండీ పెట్టించారు. దానికి ఏడుపు ఇప్పించండి మేడంగారండీ. నాకింకేమొద్దు."

సలోమి వేణి వైపు చూసింది. "తీసేద్దామా వేణీ?"

"తీసెయ్యండి మేడమ్. ఇప్పుడు పరీక్షల్లేవుగా," అని వేణి చెవి చూపించింది. బిళ్ళ ఊడొచ్చిన చోట తెల్లగా మచ్చ ఉంది.

వాళ్ళని సలోమి తన ఇంట్లోనే ఉంచుకుంది. రూతు సంగతి ఆవిడ మర్చిపోలేదు. దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి మీద పడితే పిల్ల ఏం చేసుకుంటుందోనని హడలిపోయింది. వేణి పక్కనే పడుకుంది, వేణి స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుంది, ఇదివరకు కూర్చున్నట్టే. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. పిల్ల బయటికొచ్చి, "ఏంటి మేడమ్, నేలమీద కూర్చున్నారు? నడుం పట్టేస్తుంది," అనేది.

రోజులు గడిచాయి, పిల్లకి ఏడుపు మాత్రం రాలేదు. సలోమి మాళవికకి ఫోన్ చేసింది.

"రావాలండీ, ఈపాటికి," అంది మాళవిక. "మీకు తిరిగొచ్చింది కదా. అయితే మీకు ఇన్నేళ్ళ అలవాటు. ఈ పిల్లలు చిన్నవాళ్ళు, నరం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటూ ఉంటుంది. ఆ నేర్చుకోవడం మధ్యలో ఆగిపోతే... ఆ దారి మర్చిపోయే అవకాశం ఉంది. మేమింకా అంతదూరం పరీక్షించలేదు."

"పరీక్షించకుండానే పెట్టేశారా?"

"మీరూ పెట్టించారు కదా సలోమిగారూ," అంది మాళవిక. కోపంగా కాదు. ఉన్నమాట చెబుతున్నట్టు అంది.

ఇక మిగిలిందొక్కటే. ఒక మధ్యాహ్నం సలోమి వేణిని బాలింతల వార్డుకి తీసుకెళ్ళింది. పసిదాన్నెత్తుకుని నూకరత్నం కూడా వచ్చింది గాని, గడప దాటలేక అక్కడే ఆగిపోయింది. దుర్గ పడుకున్న మంచం ఖాళీగా ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది.

"కాళ్ళవైపు నిలబడమ్మా," అంది సలోమి.

వేణి నిలబడింది, మొదటి ఏడాది నేర్చుకున్నట్టే చేతులు ముందు కట్టుకుని.

"ఇక్కడే పడుకుంది మీ అక్క. నీకేసి చూసి, నా మొహం చూడవే అంది. గుర్తుందా?"

"గుర్తుంది మేడమ్."

"చూడు. చూసి చెప్పు. నీ కడుపేమంటోంది?"

వేణి చూసింది. శ్రద్ధగానే చూసింది, పాపం. మేడమ్ అడిగింది కాబట్టి జవాబు చెప్పాలని ఆ పిల్ల చాలా ప్రయత్నించింది. కనుబొమలు ముడిపడ్డాయి. గుమ్మంలో పసిది కెవ్వుమంటే, నూకరత్నం భుజాన వేసుకుని ఊరుకోబెట్టింది.

"దుప్పటి మార్చాలి మేడమ్," అంది వేణి. ఆ తర్వాత నిజాయితీగా అడిగింది. "వస్తే ఎలా ఉంటుంది మేడమ్? వచ్చిందని నాకెలా తెలుస్తుంది?"

సలోమి ఆ ఖాళీ మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, పరుపులో మొహం దాచుకుని భోరుమంది. గుమ్మంలో నూకరత్నం కూడా ఆగలేకపోయింది. పసిది ఇక ఎవరూరుకోబెట్టినా ఊరుకోలేదు. వార్డులో బాలింతలు లేచి కూర్చుని చూస్తున్నారు.

సత్యవేణి ఆలస్యం చేయలేదు. నాలుగడుగుల్లో వచ్చి, సలోమి పక్కన వంగి, భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, కొంచెమైనా వణకడం లేదు. గొంతు తగ్గించింది, ఎంత తగ్గించాలో అంతే.

"మీకిలా అనిపించడం సహజమే మేడమ్," అంది. "నేనిక్కడే ఉన్నాను."